మట్టిపొరల్లో వరదల లెక్క

2018 నవంబరు వానలకి కువైట్ రోడ్లు ఎలా మునిగాయో అప్పుడు ఇక్కడున్నవాళ్లు మర్చిపోరు. ఎగైలాలో మా బిల్డింగు మెట్ల మీద నిలబడి, "ఎడారిలో వరదేమిటండీ!" అనుకున్నాం. నిజానికి ఈ దేశపు పడమటి సరిహద్దు వెంట వాదీ అల్ బాతిన్ అనే లోయ ఉంది. ఇప్పుడు ఎండిపోయిన ఆ దారినే ఒకప్పుడు నీళ్లు పారి, అరేబియా కొండల గులకరాళ్లని ఇక్కడిదాకా మోసుకొచ్చాయి. మనుషులకి గుర్తులేని నీళ్లవి.

మొన్న ఊళ్లో బావగారితో ఫోన్లో మాట్లాడుతుంటే అదే గుర్తొచ్చింది. గోదావరి లంకలో ఇల్లు కడుతున్నారు, డబ్బులో సగం నాది. "మెరక ఇంకో మూడడుగులు వేయిద్దాం బావగారూ" అంటే, "తాతల నాటి నుంచీ ఇక్కడికి నీళ్లు రాలేదు, ఎనభై ఆరులో తప్ప" అన్నారు. ఆ "తప్ప" దగ్గరే నా భయం. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకి చేరింది. 2022 జులైలో మళ్లీ 71.3.

తాతల జ్ఞాపకం మహా అయితే వందేళ్లు. అంతకు ముందు సంగతి చెప్పేది బురదే. నది రాతికొండల మధ్య ఇరుకుగా పారేచోట, పెద్ద వరదొస్తే నీరు పక్క వాగుల్లోకి ఎగదన్ని నిలుస్తుంది. తీశాక సన్నటి ఒండ్రు పొర మిగులుతుంది. మళ్లీ వరదొస్తే ఇంకో పొర. పొర ఎత్తుని బట్టి నీరు కనీసం ఎంతవరకూ వచ్చిందో, అందులో చిక్కిన బొగ్గుముక్కకి రేడియో కార్బన్ పరీక్ష చేస్తే ఏ కాలానిదో తెలుస్తుంది. డెల్టాలో ఇది కుదరదు, అక్కడ నది దారే మారిపోతూంటుంది.

పుణెకి చెందిన విశ్వాస్ కాలే, అమెరికాకి చెందిన విక్టర్ బేకర్ నర్మదా తీరంలో ఇలాంటి పొరలు చదివారు. "చిన్న మంచుయుగం" అనే చల్లని శతాబ్దాల్లో మధ్య, పశ్చిమ భారతంలో వరదలు చాలాకాలం చిన్నవిగానే ఉన్నాయని 2006లో రాశారు. దానికి ముందు, సుమారు 950 నుంచి 1250 దాకా, ప్రపంచంలో చాలాచోట్ల కాస్త వెచ్చని కాలం. మన కాకతీయులు రామప్ప చెరువు తవ్వించింది దాని చివర్లోనే. ఇప్పటి వేడి అప్పటికంటే ఎక్కువ కాబట్టి ఆ పొరలూ పూర్తి జవాబివ్వవు. కానీ బావగారి తాతలు విన్న నెమ్మది గోదావరి ఆ చల్లని కాలపు చివరిదేమోనని నా అనుమానం. నర్మద లెక్క గోదావరికి అంటగట్టకూడదనుకోండి, అయినా అనుమానం పోవడం లేదు.

ఇదంతా చెప్తే బావగారు, "నర్మద గొడవ మనకెందుకయ్యా" అన్నారు. చివరికి అడుగున్నరకి ఒప్పుకున్నారు. మిగతా అడుగున్నర కోసం ఈ శుక్రవారం మళ్లీ ఫోన్ చెయ్యాలి.