తెలుగు జుమ్లా ఎన్ని తునకలు?

ఏ ఏఐ తెలివైనది, ఏది సస్తా, ఏది తేజ్ అని రోజూ ముకాబలా నడుస్తోంది. ఈ ముకాబలాకి అప్పుడే ఒక తారీఖ్ తయారైంది. అందులో మన తెలుగు జబాన్ హిసాబ్ ఎక్కడుందో చూద్దాం.

2020లో ఎంఎంఎల్‌యూ అనే ఇంతిహాన్ వచ్చింది. లెక్కలు, కానూన్, వైద్యం, చరిత్ర... మొత్తం 57 మజ్మూన్లు. ఒక్కో ప్రశ్నకు నాలుగు జవాబులు. కళ్లు మూసుకుని గీసినా నూటికి 25 వస్తాయి. 2023 మార్చిలో జీపీటీ-4ను తెచ్చిన ఓపెన్ఏఐ ఈ పర్చాను వేరే జబాన్లలోకీ తర్జుమా చేసి పెట్టింది. అంగ్రేజీలో 85.5 శాతం. తెలుగులో 62. ఫెహరిస్త్‌లో అట్టడుగున ఉన్నది మనమే. ఆ తర్జుమా కూడా మెషీన్ చేసిందే. కసూర్ షాగిర్ద్‌దా, పర్చాదా?

అదే ఏడాది మేలో చాట్‌బాట్ అరీనా మొదలైంది. రెండు మోడళ్లు పేర్లు దాచుకుని ఒకే ప్రశ్నకు జవాబిస్తాయి, జనం ఓటేస్తారు. షత్రంజ్ ఆటగాళ్లకు ఇచ్చినట్టే ర్యాంకులిస్తారు. తరీకా మంచిదే. కానీ అడిగేవాళ్లలో ఎక్కువమంది అంగ్రేజీలోనే అడుగుతారు, కాబట్టి ఫైసలా కూడా ఎక్కువగా అంగ్రేజీదే.

ఇక కీమత్. ఏఐ మన జుమ్లాను టోకెన్లనే తునకలుగా కోస్తుంది. బిల్లు ఆ తునకల మీదే. జవాబు కూడా ఒక్కో తునకగానే వస్తుంది కాబట్టి రఫ్తార్ కూడా వాటి మీదే. ఆ కత్తిని ఎక్కువగా అంగ్రేజీ రాతల మీద పదును పెట్టారు. పైగా కంప్యూటర్ లోపల అంగ్రేజీ హర్ఫ్‌కి 1 బైట్, ఉర్దూ హర్ఫ్‌కి 2. మన 'తె'కి త, ఎత్వం కలిపి 6.

2024 మే 13న జీపీటీ-4ఓ వచ్చినప్పుడు ఓపెన్ఏఐయే లెక్క బయటపెట్టింది. ఒకే పలకరింపును పాత కత్తి అంగ్రేజీలో 27, ఉర్దూలో 82, తెలుగులో 159 తునకలు చేసేది. కొత్త కత్తి 24, 33, 45 చేసింది. అంటే అంతవరకూ ఆ ఒక్క పలకరింపుకి తెలుగువాడి బిల్లు అంగ్రేజీవాడికి దాదాపు ఆరింతలు. పది లక్షల టోకెన్ల జవాబుకి 60 డాలర్లున్న రేటూ 15కి దిగింది. రెండూ కలిస్తే అదే తెలుగు జవాబు 14 రెట్లు సస్తా అయింది. అంగ్రేజీవాడికి తగ్గింది నాలుగున్నర రెట్లే. మనకు ఎక్కువ తగ్గిందంటే, అంతకుముందు మన మీద బోఝ్ అంత ఎక్కువని అర్థం.

ముకాబలా ఆగలేదు. 2024 మార్చిలో ఆంత్రోపిక్ క్లాడ్ 3ని మూడు సైజుల్లో తెచ్చింది. జవాబుకి పెద్ద ఓపస్ రేటు 75 డాలర్లు, చిన్న హైకూది 1.25. 2025 జనవరిలో చైనా డీప్‌సీక్ ఆర్1ను 2.19 డాలర్లకే ఇచ్చింది, ఓపెన్ఏఐ ఓ1 అప్పుడు 60. జనవరి 27 ఒక్కరోజే ఎన్విడియా షేర్ల విలువ దాదాపు 59 వేల కోట్ల డాలర్లు కరిగిపోయింది. అయితే ఈ రెండూ సోచ్ విచార్ చేసే మోడళ్లు. జవాబుకి ముందు చేసే ఆ ఆలోచనకి కూడా తునకలు పడతాయి, బిల్లూ పడుతుంది, వక్త్ కూడా పోతుంది.

హకీకత్ ఇదీ. రేటు పట్టీలో ఉండేది టోకెన్ ధర, మనకు కావాల్సింది జుమ్లా ధర. ఒక్కో కంపెనీ కత్తి ఒక్కో రకం. మీ పనిలో వాడే వంద తెలుగు జుమ్లాలు తీసుకోండి. రెండు మోడళ్లకి ఇవ్వండి. ఎన్ని సహీ, ఎంత ఖర్చు, ఎన్ని సెకన్లు అని రాసుకోండి. పరాయి తరాజూలో మన బరువు ఎంత తూగిందో చూశాం కదా. ఇకనైనా తరాజూ మన చేతిలో ఉండనీ.