ఊర్మిళను మరిచింది ఎవరు?

పొద్దెక్కినా లేవని ఆడపిల్లను ‘ఏమిటా ఊర్మిళాదేవి నిద్ర?’ అని గదమడం తెలుగిళ్లకు కొత్త కాదు. ఆ నిద్ర మాత్రం వాల్మీకంలో లేదు. అక్కడ ఊర్మిళ జనకుడి కూతురు, లక్ష్మణుడి ఇల్లాలు. బాలకాండలో పెళ్లయింది, అక్కచెల్లెళ్లతో పాటు అయోధ్యలో అడుగుపెట్టింది. ఆ తరవాత ఆమె ఊసు దాదాపుగా లేదు. అన్న వెంట అడవికి కదిలిన లక్ష్మణుడు తల్లి సుమిత్రకు మొక్కి సెలవు తీసుకున్నాడు. భార్యతో ఒక్క మాటైనా చెప్పినట్టు మహర్షి రాయలేదు.

తెలుగువాళ్లు ఈ ఖాళీని చాలా ముందే చూశారు. 13వ శతాబ్దపు రంగనాథ రామాయణంలో, అడవిలో కాపలా కాస్తున్న లక్ష్మణుడి దగ్గరికి నిద్రాదేవి వస్తుంది. ఈ పద్నాలుగేళ్లూ నన్ను విడిచి ఊర్మిళ దగ్గరికి వెళ్లమంటాడు ఆయన. ఆమెను అడిగింది ఎవరు?

అడిగింది ఆడవాళ్లే. ‘ఊర్మిళాదేవి నిద్ర’ పేరుతో ఇళ్లలో తల్లి నుంచి కూతురికి దిగిన పాటలో అసలు కథ పట్టాభిషేకం తరవాత మొదలవుతుంది. ఇన్నేళ్లుగా మరిది భార్య మొహం చూడలేదని రాముడికి గుర్తుచేసేది సీత. లక్ష్మణుడు అంతఃపురానికి వెళ్లి మంచం మీద కూర్చుంటే ఊర్మిళ ఆయన్ని పోల్చుకోదు. పరాయి మగవాడు పడకటింట్లోకి చొరబడ్డాడని వణికిపోతూనే నిలదీస్తుంది. మా తండ్రికి తెలిస్తే నీ గతేమిటంటుంది. పరస్త్రీని కోరి ఇంద్రుడు ఏమయ్యాడు, రావణుడు ఏమయ్యాడు అని లెక్క చెబుతుంది. పద్నాలుగేళ్లు నిద్రపోయిన మనిషికి రావణుడి సంగతి ఎలా తెలిసిందని పాట పట్టించుకోదు. పాడేవాళ్లకు తెలుసు, అది చాలు. చెప్పకుండా వెళ్లిన మొగుడు తిరిగొచ్చి నేనే లక్ష్మణుణ్ణని రుజువు చేసుకోవాల్సి రావడం కన్నా పదునైన తీర్పు ఏ పండిత కావ్యంలోనూ నాకు కనబడలేదు.

దీనికి జోడీ ‘లక్ష్మణదేవర నవ్వు’. గడువు తీరగానే నిద్రాదేవి కొలువులోకే వచ్చి నిలబడితే లక్ష్మణుడు పక్కున నవ్వుతాడు. ఆ నవ్వు తన గురించేనని సభలో ఒక్కొక్కరూ లోలోపల ఉలిక్కిపడతారు. సుగ్రీవుడు, విభీషణుడు, సీత, ఎవరి గుట్టు వారికి గుర్తొస్తుంది. మహావీరుల కొలువును ఇంత చనువుగా చూడటం వంటింటి గుమ్మంలోంచే సాధ్యం.

ఇవి తిరుగుబాటు పాటలని అనలేం. ఊర్మిళ చివరికి భర్త కాళ్లకు మొక్కుతుంది, తరవాత తలంట్లు, విందులు, సరసాలు. పాడినవాళ్లు కూడా ఎక్కువగా బ్రాహ్మణ కుటుంబాల స్త్రీలే. పొలంలో నాట్లు వేసే స్త్రీ పాడుకున్న సీత వేరు.

ఈ పాటలు ఇక్కడ మోగుతుండగానే రవీంద్రనాథ్ టాగూర్ ‘కావ్యేర్ ఉపేక్షితా’ అనే వ్యాసం రాశారు. అది 1907లో ‘ప్రాచీన సాహిత్య’ సంపుటిలో చేరింది. కవులు పక్కన పెట్టేసిన నాయికల్లో ఆయన మొదట తలచుకున్నది ఊర్మిళనే. మరుసటి ఏడాది హిందీలో మహావీర్ ప్రసాద్ ద్వివేది ‘సరస్వతి’ పత్రికలో అదే ఫిర్యాదు ఎత్తుకున్నారు. దాని ఫలితమే మైథిలీశరణ్ గుప్త్ ‘సాకేత్’, 1931. అందులో తొమ్మిదో సర్గ మొత్తం ఊర్మిళ విరహమే. గొప్ప కావ్యమే, సందేహం లేదు. కాకపోతే గుప్త్ ఆమెకు పేరుతో పాటు బోలెడు కన్నీళ్లూ ఇచ్చారు. కవులు మరిచారని టాగూర్ అన్నది లిఖిత కావ్యాల వరకే నిజం.

తెలుగు పాటల్ని కృష్ణశ్రీ ‘స్త్రీల రామాయణపు పాటలు’గా కూర్చితే 1955లో ఆంధ్ర సారస్వత పరిషత్తు అచ్చువేసింది. వెల్చేరు నారాయణరావు 1991లో ఇంగ్లీషులో వీటి మీద వ్యాసం రాశాకే బయటి పండితులు వీటిని వెతకడం మొదలుపెట్టారు. అంతకుముందే 1970ల్లో రంగనాయకమ్మ ‘రామాయణ విషవృక్షం’ మొత్తం కథనే బోనెక్కించింది, కానీ ఊర్మిళ మనసులోకి వెళ్లడం ఆ పుస్తకం పని కాదు.

ఆ పని ఓల్గా చేశారు. 2015లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న ‘విముక్త’ సంపుటిలో శూర్పణఖ, అహల్య, రేణుక, ఊర్మిళ ఒక్కొక్కరూ సీతకు ఎదురవుతారు. ఇందులో ఊర్మిళ నిద్రపోలేదు. చెప్పకుండా వెళ్లిన భర్త మీది కోపంతో తలుపు వేసుకుని, ఆ కోపం ఎక్కణ్ణుంచి వచ్చిందో, మనుషుల మధ్య అధికారం ఎలా పనిచేస్తుందో ఆలోచిస్తూ గడిపింది. వాల్మీకి వదిలేసిన ఏకాంతం ఇక్కడ ఆమె సొంత ఆస్తి అయింది. పాటలో తలుపు తోసుకుని వచ్చిన లక్ష్మణుణ్ణి ‘నువ్వెవరు’ అన్న స్త్రీ లేకపోతే ఈ ఊర్మిళ ఇంత సహజంగా తెలుగులో పుట్టేది కాదని నా నమ్మకం.

‘విముక్త’ చదివినవారు ఆ పాటనూ వెతికి చదవండి. ఇంట్లో దాన్ని ఇంకా పాడగలిగే పెద్దవాళ్లు ఉంటే, ముందు వాళ్ల గొంతును ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోండి.