అట్టమీద లేని పేరు

మొన్న వంకాయలు తరుగుతూ, మా అమ్మాయి ఫోనులో పెట్టిన పాడ్‌కాస్ట్ విన్నాను. ఇద్దరు కుర్రాళ్లు ‘డ్రాగన్‌లాన్స్’ నవలల గురించి ఒకటే కబుర్లు!

1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆట తెచ్చారు. బల్లచుట్టూ చేరి ఒకరు కథ నడుపుతూంటే, తక్కినవాళ్లు తలో పాత్రా అయి మాట్లాడాలి. జయాపజయాలు పాచికలు తేలుస్తాయి. వాటిలో ఒకదానికి ఇరవై ముఖాలు. శకుని చేతికి దొరకలేదు, నయం!

ఆ ఆట కంపెనీలో ఉద్యోగానికని ట్రేసీ హిక్‌మన్ (ఆడమనిషి అనుకునేరు, మగాయనే) భార్య లారాతో యూటా నుంచి విస్కాన్సిన్‌కి కారులో బయల్దేరాడు. దారిలో మొగుడూ పెళ్లాం అల్లుకున్న ఊహే డ్రాగన్‌లాన్స్. నవలలకి కంపెనీ వేరే రచయితని పెట్టుకుంటే కుదరలేదు. చివరికి అక్కడే ఎడిటరుగా ఉన్న మార్గరెట్ వైస్, ట్రేసీ కలిసి రాశారు. మొదటిది 1984లో వచ్చింది. అందులో రైస్ట్లిన్ అనే రోగిష్టి మాంత్రికుడు గుసగుసగా మాట్లాడతాడు. ఆ గొంతు ఒకనాడు ఆటలో ఓ స్నేహితుడు పెట్టింది!

అట్టమీద లారా పేరు లేదు. రాసింది వాళ్లిద్దరేగా, న్యాయమే అనుకోండి. 1983 నాటి ‘రేవెన్‌లాఫ్ట్’ ఆటపుస్తకం మీద మాత్రం దంపతులిద్దరి పేర్లూ ఉన్నాయి. అయినా నాకెందుకో మనసొప్పలేదు.

కుర్రాళ్లు గంటసేపు మాట్లాడారు. లారా ఊసే రాలేదు. వింటూ వింటూ నీళ్లలో వెయ్యడం మరిచానేమో, వంకాయముక్కలన్నీ నల్లబడిపోయాయి.