రాష్ట్రాంతర ప్రయాణంలో తుపాకీ: ముంబై–తెలంగాణ దారి

నిజాం ఏలుబడి నుంచి వలసొచ్చిన కామాఠీల పేరే ముంబైలోని కామాఠిపురకు మిగిలింది. అక్కడి చాళ్లలోని తెలుగువారు ఊరికి వెళ్లే దారుల్లో ఒకటి సొలాపూర్ మీదుగా వెళ్లే బస్సు. ఆ దారిలో లైసెన్సు తుపాకీ వెంట ఉంటే లెక్క వేరు. పుణే నుంచి హైదరాబాద్ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మహారాష్ట్ర దాటాక కర్ణాటకలోని హుమ్నాబాద్ మీదుగా సాగి, జహీరాబాద్ వద్ద తెలంగాణలో అడుగుపెడుతుంది. అంటే మూడు రాష్ట్రాలు. చాలామంది మరిచేది మధ్యలోని ఆ కర్ణాటక ముక్కనే.

1959 ఆయుధ చట్టం 1962 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. లైసెన్సు ఎంతవరకు చెల్లుతుందో అందులోనే రాసి ఉంటుంది: జిల్లా, రాష్ట్రం, లేదా దేశమంతా. ఆ పరిధి దాటి తుపాకీ తీసుకెళ్లాలంటే ముందే అనుమతి పొందాలి. ముంబైలో లైసెన్సులిచ్చే అధికారి పోలీసు కమిషనర్. షరతు మీరితే 30వ సెక్షను కింద ఆరు నెలల దాకా జైలు, లేదా 2,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అసలు లైసెన్సే లేకపోతే శిక్ష చాలా కఠినం.

బస్సుకు బదులు కారవాన్‌లో వెళ్లినా ఇదే లెక్క. మహారాష్ట్ర 2021లో కారవాన్ పర్యాటక విధానం తెచ్చింది. అయితే బండిలోనే వండుకుని పడుకున్నా, ఆయుధ చట్టం దాన్ని ఇల్లుగా చూసి మినహాయింపేమీ ఇవ్వదు. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం బహిరంగ స్థలాల్లో తుపాకీని తగిన ఒరలో, పూర్తిగా కప్పి తీసుకెళ్లాలి. 2019 చట్ట సవరణతో ఒకరి దగ్గర ఉండదగిన తుపాకుల గరిష్ఠ సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది. లైసెన్సు గడువు మాత్రం మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది.