రస్సెల్ దొర చేపల పుస్తకము

సూర్యాపేటకు సముద్రము రమారమి 200 కిలోమీటర్ల దూరమున నున్నది. కోదాడకు అంతకంటె కొంత దగ్గర. మిర్యాలగూడ కృష్ణానదికి చేరువయే గాని కడలికి కాదు. అయినను ఈ మూడు పట్టణములలో ఏ ఆదివారము చేపల బజారునకు పోయినను రవ్వ, బొచ్చె, కొర్రమట్టల సరసనే మంచు పెట్టెలలో వంజరము, కోనాము, చందువా, పండుగప్ప కనుపించును. బందరు నుండి బెజవాడ మీదుగా హైదరాబాదు పోవు రహదారి కోదాడ, సూర్యాపేటలను ఒరసికొని పోవుచున్నది గనుక ఇందులో వింత లేదు. మంచు పెట్టెలు రాక పూర్వము ఎండుచేపయే మెట్ట నాటికి సముద్రపు రుచిని మోసినది. నెత్తళ్ళు, సావిళ్ళు లేని సంత ఉండెడిది కాదు.

ఈ పేర్లు మనకు నోటికి వచ్చిన మాటలు. కాని వీనిలో కొన్ని ఇన్నూరేండ్ల క్రిందటనే లండను, పారిస్ నగరములకు ప్రయాణము కట్టి, ప్రపంచమందలి జీవశాస్త్రజ్ఞు లందరును పలుకు పేర్లయినవి. ఆ కథకు మూలపురుషుడు పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు.

రస్సెల్ ఎడింబరోలో పుట్టినవాడు. సిరియా దేశమందలి అలెప్పోలో చాలకాలము వైద్యము చేసి, అచ్చటి మహామారిని గూర్చి పెద్ద గ్రంథము వ్రాసినాడు. 1780 ప్రాంతములలో, విశాఖపట్టణమున కంపెనీ కొలువులో నున్న తన తమ్మునితో కూడ మన తీరమునకు వచ్చినాడు. కోనిగ్ అను ప్రకృతి శాస్త్రవేత్త 1785లో కాకినాడ వద్ద జగన్నాథపురములో మరణింపగా, ఆ పదవి రస్సెల్‌కు లభించినది. ఆయన పేరు వినగానే మనకు తోచునది పాము. రక్తపింజరికి ఇంగ్లీషువారు పెట్టిన పేరు ఆయనదే. చేపల మాట ఎవరికిని గుర్తుండదు. ఇది అన్యాయమని నా అభిప్రాయము. పాముల పుస్తకము కంటె, 1803లో లండనులో రెండు సంపుటములుగా వెలువడిన ఆయన చేపల పుస్తకమే తెలుగువారికి ఎక్కువ దగ్గర. విశాఖపట్టణమున సేకరించిన 200 చేపల వర్ణనలు, బొమ్మలు అందున్నవి.

అందులో విశేష మేమనగా, ఆనాటి పండితులు ప్రతి ప్రాణికిని రెండు లాటిను మాటల పేరు పెట్టుచుండగా, రస్సెల్ తరచు ఆ జోలికి పోక, బొమ్మ క్రింద తీరమున వినిపించిన పేరునే ఇంగ్లీషు అక్షరములలో వ్రాసికొన్నాడు. వంజరము ఆయన చెవికి ‘వింగెరం’ అయినది. కోనాము కోనామే. పండుగప్ప ‘పండుమీను’. చందువా ‘సందావ’, అందులో నల్ల సందావ, తెల్ల సందావ వేరు వేరు బొమ్మలు. తలకు అటునిటు కొమ్ములవలె సాగియున్న సొరచేప ‘కొమ్ము సొర’. బాలింతలకు పాలు పడునని నేటికిని పెట్టు చిన్న సొర ‘పాల సొర’. తాకినంతనే చేయి తిమ్మిరి యెక్కించు టేకు జాతి చేప ‘తిమిరి’. విద్యుత్తును గూర్చి వినని జాలరి ఆ చేపకు పేరు పెట్టుటలో ఏమియు పొరపడలేదు గదా!

నల్ల చందువా నిజమునకు చందువా వంశములోనిది కాదనియు, అది పారల కులమునకు చెందినదనియు తరువాతి శాస్త్రము తేల్చినది. వలలో పడినదాని ఆకారము, రంగు చూచి జాలరి వర్గము కట్టును. ఎముకలు, రెక్కల ముళ్ళు లెక్కించి పండితుడు కట్టును. రెంటికిని ఎవరి ప్రయోజనము వారిది.

రస్సెల్ బొమ్మలు పారిస్ చేరినవి. అచ్చట క్యువియే అను మహాపండితుడు, తరువాత ఆయన శిష్యుడు వలెన్సియెన్, 1828 మొదలు 1849 వరకు 22 సంపుటములలో ప్రపంచమందలి చేపలన్నిటిని వర్ణింప బూనిరి. క్యువియే రస్సెల్ బొమ్మలను నమ్మి, ఆ పేర్లనే లాటినులోనికి ఎత్తుకొన్నాడు. మన కానాగంతకు శాస్త్రనామము నేటికిని ‘రాస్ట్రెల్లిగర్ కనగుర్త’. ఎఱ్ఱ సముద్రము, తూర్పు ఆఫ్రికా తీరము మొదలు ఇండోనీషియా దాటి ఆస్ట్రేలియా వరకు వ్యాపించిన ఈ చేపను ఏ దేశపు పండితుడు వ్రాసినను విశాఖ జాలరి మాటనే వ్రాయవలెను. ‘జెల్లో’ అను పేరు మరియొక చేపకు దక్కినది. సావిళ్ళలో ఒకటి ‘సావల’ పేరనే నిలిచినది. ఆ మాటపై తమిళులకును హక్కు కలదు.

ఇన్ని జాతులు ఒక్క రేవున దొరకుటకు కారణము ఆ తీరపు స్వభావమే. విశాఖ వద్ద కొండ సముద్రములోనికి చొచ్చుకొనిపోయి రాతి అడుగు నిచ్చినది. వేసవికి ముందు లోతు నీరు పైకి పొంగి మేత తెచ్చునని 1950 దశకములో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో జరిగిన పరిశోధనలు తెలిపినవి. గోదావరి, కృష్ణల మొగల వద్ద అట్లు కాదు. అచ్చట ఒండ్రు, మడ అడవులు, ఉప్పు తీపి కలిసిన నీరు. రొయ్యలకు, పండుగప్పకు, జెల్లలకు అది పుట్టినిల్లు. చేపలలో ఎల్లలు తెలియనివి కొన్ని. ఎల్ల దాటనివి కొన్ని. రెండు ఎల్లలను దాటి బ్రతుకు నడుపునది మరియొకటి కలదు. దానిని గూర్చి కొంత నిలిచి చెప్పవలసి యున్నది.

రస్సెల్ పుస్తకము చివర, 198వ బొమ్మ ‘పలస’. గోదావరి వాసులు ఏటికెక్కిన దానినే పులస యందురు. కడలిలో పట్టినదానికి ఆ గౌరవము నీయరు. క్యువియే 1829లో దీనికి ‘క్లూపియా పలస’ అని పేరు పెట్టినాడు. కాని అంతకు 7 సంవత్సరముల ముందే, 1822లో, హామిల్టన్ గంగానది చేపల గ్రంథములో వంగదేశపు మాటతో ‘ఇలిషా’ అని నామకరణము చేసి యుండెను. ముందు పెట్టిన లాటిను పేరే చెల్లవలెనని శాస్త్ర నియమము. రస్సెల్ 1803లోనే ఆ రెండవ మాట కూడ చేర్చి యున్నచో పలస నిలిచెడిదే. అది పేరు పోయిన వైనము.

చేప పోయిన వైనము వేరు. పలస సముద్రములో పెరిగి, వరదకాలమున ఏటికెదురీది తీపి నీటిలో గ్రుడ్లు పెట్టును. పారసీక సింధుశాఖ నుండి బర్మా వరకు పెద్ద నదులన్నిటికిని ఇట్లే వచ్చును. కృష్ణ మొగలోనికిని వచ్చును. మూసీ వచ్చి కృష్ణలో కలియు వాడపల్లి మిర్యాలగూడకు దగ్గరనే కలదు. సముద్రము నుండి అచ్చటి దాకా నీటిదారిలో మనుష్యుడు కట్టిన అడ్డుగోడ 1855కు పూర్వము లేదు. ఆ సంవత్సరమున బెజవాడ ఆనకట్ట పూర్తియైనది. మత్స్యశాఖ అధికారియైన ఫ్రాన్సిస్ డే 1870 దశకములో, ఇట్టి కట్టలు పలసకు దారి మూయుచున్నవనియు, వానిలో చేపలకు త్రోవ విడువవలెననియు ప్రభుత్వమునకు నివేదించినాడు. ఆయనయే తరువాత భారతదేశపు చేపలలో 1400కు పైబడిన జాతులను వర్ణించిన పండితుడు. మాట తెలియక అన్నది కాదు.

పాత ఆనకట్ట స్థానమున 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చినది. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదలిరి. 2013లో సూర్యాపేట సీమ అంచుననే పులిచింతల నిలిచినది. ఒక గోడ మూడు గోడలైనది.

ఈ మాట మిర్యాలగూడలో చెప్పుట సులభము కాదు. సాగర్ ఎడమ కాలువ లేనిదే ఆ ఊరి వరిపొలములు లేవు, బియ్యపు మిల్లులు లేవు. కోదాడ, హుజూర్‌నగర్ పొలముల గతియు అంతే. అన్నము పెట్టిన కట్టను చేపకొరకు తూలనాడువాడు ఎవడు? నేనును తూలనాడను. కాని డే అడిగినది కట్ట వలదని కాదు, కట్టలో ఒక సందు. బెజవాడ దిగువ పాయలో నేటికిని వరదల తరి పలస పడుచునే యున్నది గనుక, ఆ ప్రశ్నకు కాలము మించిపోలేదు.

మలుగుపాము సంగతి దీనికి తలక్రిందులు. అది కడలిలో పుట్టి, పిల్లగా నున్నప్పుడు ఏటికెక్కి, తీపి నీట పెరిగి, గ్రుడ్లు పెట్టుటకు మరల కడలికి దిగును. ఒడలు జిగురుగా, సన్నగా నుండుట చేత తడి రాళ్ళమీద ప్రాకి చిన్న కట్టలను దాటగలదు. పలసకు ఆ విద్య రాదు.