ద పైపర్ ఎట్ ద గేట్స్ ఆఫ్ డాన్

ఇంగ్లండ్ బ్యాండు పింక్ ఫ్లాయిడ్ తొలి ఆల్బమ్. ఈఎంఐ సంస్థ 1967 ఆగస్టులో కొలంబియా లేబుల్ మీద విడుదల చేసింది. మొత్తం 11 పాటలు, సుమారు 42 నిమిషాల నిడివి. సైకెడెలిక్ రాక్ నుంచి స్పేస్ రాక్ అనే పాయ చీలిన చోటుగా దీన్ని తరచు పేర్కొంటారు.

రోజర్ వాటర్స్, నిక్ మేసన్, రిచర్డ్ రైట్ లండన్‌లోని రీజెంట్ స్ట్రీట్ పాలిటెక్నిక్‌లో ఆర్కిటెక్చర్ విద్యార్థులు. కేంబ్రిడ్జ్‌లో పుట్టి, చిత్రకళ చదవడానికి లండన్ వచ్చిన సిడ్ బ్యారెట్ వారికి తోడయ్యాడు. మొదట వాయించినవి ఎక్కువగా అమెరికన్ బ్లూస్ పాటలే. 1966 డిసెంబరులో మొదలైన యూఎఫ్ఓ క్లబ్బు వీరికి అసలైన బడి. కదిలే రంగు దీపాల వెలుగులో అక్కడ ఒక్కో వరసను ఎంతసేపైనా సాగదీసి వాయించేవారు. 1967 మార్చిలో వచ్చిన తొలి సింగిల్ ‘ఆర్నల్డ్ లేన్’ ఆరేసిన ఆడవాళ్ల బట్టలు దొంగిలించేవాడి కథ. రేడియో లండన్ దాన్ని ప్రసారం చేయనంది. అయినా 20వ స్థానం దాకా వెళ్లింది.

ఆల్బమ్ రికార్డింగ్ ఫిబ్రవరి 21న ఆబీ రోడ్‌లోని ఈఎంఐ స్టూడియోలో మొదలైంది. నిర్మాత నార్మన్ స్మిత్ అంతకుముందు బీటిల్స్‌కు సౌండ్ ఇంజనీరు. అప్పుడు అదే ప్రాంగణంలో బీటిల్స్ ‘సార్జెంట్ పెప్పర్స్’ తయారు చేస్తున్నారు. మార్చి 21న ఈ నలుగురూ వెళ్లి వాళ్ల పని కాసేపు చూసి వచ్చారు. స్మిత్ మొగ్గు పొందికైన చిన్న పాటల వైపు, బ్యాండు అలవాటు దీర్ఘవాదనం. ఆల్బమ్‌లో రెండూ పక్కపక్కనే ఉన్నాయి.

అంతరిక్షం పాటల మాటల్లో కన్నా మోతలో ఎక్కువగా ఉంది. బిన్సన్ ఎకోరెక్ అనే ఇటాలియన్ పెట్టెలో టేపు బదులు అయస్కాంత చక్రం తిరుగుతూ ధ్వనిని మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. బ్యారెట్ గిటారును దాని గుండా పంపేవాడు, తీగల మీద జిప్పో లైటరును జార్చి వాయించేవాడు. ‘ఆస్ట్రానమీ డొమినే’ మొదట్లో మెగాఫోన్‌లో ఖగోళ నామాలు చదివే గొంతు మేనేజరు పీటర్ జెన్నర్‌ది. అందులో వచ్చే ఒబెరాన్, మిరాండా, టైటానియా యురేనస్ చంద్రులు. పేర్లు మాత్రం షేక్‌స్పియర్ నాటకాలవి. 9 నిమిషాల 41 సెకన్ల ‘ఇంటర్‌స్టెల్లార్ ఓవర్‌డ్రైవ్’లో మాటల్లేవు. విడిగా వాయించిన రెండు టేకులను ఒకదానిపై ఒకటి వేశారు. స్టీరియో ప్రతిలో చివరన మోత ఈ చెవి నుంచి ఆ చెవికి గిరగిరా తిరుగుతుంది. ఆ కాలానికి అది సాహసమే.

ఎనిమిది పాటలు బ్యారెట్ ఒక్కడే రాశాడు. పిల్లి, దిష్టిబొమ్మ, మరుగుజ్జు, సైకిలు అతని వస్తువులు. వాటర్స్ సొంత పాట ఒకటుంది. దాని గురించి చెప్పుకోదగ్గది తక్కువ. ఆల్బమ్ పేరు కెనెత్ గ్రహామ్ 1908 నాటి పిల్లల నవల ‘ద విండ్ ఇన్ ద విల్లోస్’లోని ఏడో అధ్యాయానిది. అట్ట మీద నలుగురి ముఖాలూ పలుగా చీలినట్టుండే ఫొటో భారతీయ మూలాలున్న విక్ సింగ్ తీసింది. అందుకు వాడిన ప్రిజం లెన్సు బీటిల్స్‌లోని జార్జ్ హారిసన్ ఇచ్చినదే.

బ్రిటన్‌లో 6వ స్థానం దక్కింది. అమెరికాలో అక్టోబరులో టవర్ లేబుల్ మూడు పాటలు తీసేసి, హిట్టయిన ‘సీ ఎమిలీ ప్లే’ను చేర్చింది. తీసేసినవాటిలో ‘ఆస్ట్రానమీ డొమినే’ ఒకటి కావడం విడ్డూరం. ఈలోగా బ్యారెట్ మానసిక స్థితి దెబ్బతింది, ఎల్‌ఎస్‌డీ వాడకం కూడా ఉంది. గిటారిస్టు డేవిడ్ గిల్మర్ చేరాక, 1968 ఏప్రిల్‌లో బ్యారెట్ నిష్క్రమణ ప్రకటించారు.

1970లో హాక్‌విండ్ బ్యాండు తొలి ఆల్బమ్ ఈ బాణీని అందుకుంది. తర్వాత పెద్ద కంపెనీల బయట కూడా అది బతికింది: రగ్బీ పట్టణపు స్పేస్‌మెన్ 3 తొలి ఆల్బమ్ ‘సౌండ్ ఆఫ్ కన్ఫ్యూజన్’ 1986లో గ్లాస్ అనే చిన్న ఇండీ లేబుల్‌పై వచ్చింది. అందులో గిటార్లు శ్రుతిపెట్టెలా ఒకే స్వరాన్ని పట్టుకుని వదలవు. ఆ బ్యాండులోని జేసన్ పియర్స్ స్థాపించిన స్పిరిచువలైజ్డ్ తొలి ఆల్బమ్ 1992లో వచ్చింది. ‘పైపర్’ను 2007లో, నలభయ్యేళ్లయిన సందర్భంగా, మోనో, స్టీరియో ప్రతులు రెండిటితో మళ్లీ విడుదల చేశారు.