బెజవాడ వీధులు

ఊరు పెరగడం వేరు, వీధులు ఒకదానితో ఒకటి కలవడం వేరు. బెజవాడ చరిత్ర ఈ భేదాన్ని స్పష్టంగా చూపుతుంది. 1855లో కృష్ణపై ఆనకట్ట పూర్తయింది. దాని కాలువలు డెల్టాకు అన్నం పెట్టాయి గాని ఊరిని చీల్చాయి. 1893 నాటి రైలు వంతెన బెజవాడను గొప్ప కూడలిని చేసింది. ఆ పట్టాలే ఊరికి మరో అడ్డుగోడ అయినాయి. కాలువైనా, పట్టాలైనా దాటడానికి వంతెనలే దిక్కు.

ఇంద్రకీలాద్రి కింది పాతబస్తీ సందులు ఇరుకైనవే, అయినా ఒకటి మరొకదానిలోకి తెరుచుకుంటాయి. తరువాత ఊరు బందరు రోడ్డు, ఏలూరు రోడ్డు వెంబడి సాగింది. పొలాలు ప్లాట్లయిన చోట ఎన్నో వీధులు పెద్దరోడ్డుకు ముఖం, పక్కపేటకు వీపు పెట్టాయి. కారున్నవాడికి ఆ చుట్టుదారి నాలుగు నిమిషాలు. నడిచిపోయే కూలికి అది రోజూ కట్టే పన్ను. పట్టణ చరిత్రకారులు రోడ్ల పొడవుతో పాటు వాటి కలయికలను కూడా లెక్కించాలని నా అభిప్రాయం.